మగ కోతికి కనిపించని ఎరుపు

దక్షిణ అమెరికా అడవుల్లో స్క్విరెల్ మంకీ అని ఒక చిన్న కోతి ఉంది. తెల్లటి ముఖం, నల్లటి మూతి, పసుపు కాళ్ళు. ఆ జాతిలో ఏ మగ కోతికీ ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా కనిపించవు. ఎక్కడో ఒకటీ అరా అని కాదు, మొత్తం మగవాటన్నిటికీ అంతే. ఆడవాటిలో మాత్రం చాలా కోతులు మనలాగే చూస్తాయి, మిగిలిన ఆడవి మగవాటిలాగే చూస్తాయి. గుంపు ఒకటే, ఎక్కిన చెట్టు ఒకటే, అయినా తల్లికి ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపించే పండు పక్కనే కూర్చున్న కొడుక్కి ఆకుల్లో కలిసిపోతుంది.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. సిలబస్‌లో ఈ సంగతి రెండు వాక్యాల్లో అయిపోతుంది, పిల్లలు రాసుకుంటారు, తరవాత పాఠానికి వెళ్ళిపోతాం. కానీ ఇది మా ఇంటి సంగతి కూడా. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మా అక్క కొడుకు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి కోచింగ్ తీసుకుని, రాత పరీక్షలు గట్టెక్కి, ఆప్టిట్యూడ్ టెస్టు కూడా దాటి మెడికల్‌లో ఆగిపోయాడు. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి ఉంటుంది కదా, జపాన్ డాక్టర్ షినోబు ఇషిహారా 1917లో అచ్చు వేసినది, అదే చూపించారట. మామూలు చూపున్నవాళ్ళకి 74 కనిపించే పేజీలో వీడు 21 అన్నాడు. ధైర్యంగా, తడుముకోకుండా అన్నాడు, ఎందుకంటే వాడికి నిజంగానే 21 కనిపించింది. ఆ పేజీని అలాగే తయారుచేశారు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళకి అక్కడ వేరే అంకె కనపడేలా. కొన్ని పేజీల్లో అసలు ఏ అంకే కనిపించలేదన్నాడు. తరవాత కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే డ్యూటెరనోపియా అన్నారు, అంటే ఆకుపచ్చ వైపు వెలుగుని పట్టుకునే కణాలు కంట్లో లేవని.

రైలు నడిపేవాడికి సిగ్నల్ రంగు తెలియాలి, అందులో నాకు వాదన లేదు. నన్ను కలచివేసింది మా అక్క మాట. "నాన్న నుంచి నాకొచ్చి, నా నుంచి వాడికి పోయిందంటే, వాడి బతుకు చెడగొట్టింది నేనే కదే" అని ఫోన్‌లో ఏడ్చింది. ఎక్కడ విందో, తల్లి వైపు నుంచే వస్తుందని వింది. విన్నది నిజమే. దాన్ని అర్థం చేసుకున్న తీరే నాకు నచ్చలేదు.

మా నాన్నకీ ఇదే ఉండేది. మాది పల్నాడు వైపు, మిరప వేసేవాళ్ళం. కోత రోజుల్లో కూలీలతో పాటు మేమూ సాళ్ళలోకి దిగేవాళ్ళం, అమ్మ ఒక సాలు ముగించేసరికి నాన్న సగంలో ఉండేవాడు. ఆయన చెయ్యి చూస్తే తెలిసేది, ప్రతి కాయనీ ముందు వేళ్ళతో నొక్కేవాడు. పండు కాయ కాస్త మెత్తగా ఉంటుంది, పచ్చికాయ గట్టిగా బిగిసి ఉంటుంది. అలా తడిమి తడిమి కోసేవాడు. మాకేమో ఆ చెట్టు మీద పండు కాయలు పది అడుగుల దూరం నుంచే కనిపించేవి, నాన్న ఎందుకంత నిదానమో అర్థమయ్యేది కాదు. కల్లంలో ఎండబోసిన కాయల దగ్గర తాలు ఏరడంలో మాత్రం ఆయనకి ఇబ్బంది ఉండేది కాదు, ఎందుకంటే తాలుకాయ తెల్లగా పాలిపోయి ఉంటుంది, అది వెలుతురు తేడా, ఎరుపు ఆకుపచ్చల తేడా కాదు.

ఇక్కడ కొంచెం కంటి లోపలి సంగతి చెప్పాలి. రెటీనాలో రంగుల పని చూసేవి శంకు కణాలు. మనకి మూడు రకాలు. ఒక్కో రకంలో ఒక్కో ఆప్సిన్ ప్రోటీన్ ఉంటుంది, అది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర గట్టిగా స్పందిస్తుందన్నదే వాటి మధ్య తేడా. నీలం వైపుది సుమారు 420 నానోమీటర్ల దగ్గర, ఆకుపచ్చ వైపుది 530 దగ్గర, ఎరుపు వైపుది 560 దగ్గర. ఏ ఒక్క కణమూ తనంతట తాను రంగు చెప్పలేదు, తన మీద ఎంత వెలుగు పడిందో అంతే చెబుతుంది. రెండు మూడు రకాల కణాలు చెప్పినదాన్ని పోల్చి మెదడు రంగు తేలుస్తుంది. పోల్చడానికి రెండో రకం లేకపోతే ఆ రంగుల తేడా అసలు పుట్టదు.

నీలం ఆప్సిన్ జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంది. మిగతా రెండూ ఎక్స్ క్రోమోజోమ్ చివర, ఒకదాని వెనక ఒకటి, ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ నేథన్స్ బృందం ఈ జన్యువుల్ని వేరు చేసి చదివింది. అప్పుడు బయటపడిన విషయం ఏమిటంటే ఆ రెండూ దాదాపు కవలలు. రెండు ప్రోటీన్లలోనూ 364 అమైనో ఆమ్లాలు, తేడా సుమారు 15 చోట్ల. అందులోనూ రంగు మార్చేవి ముఖ్యంగా మూడు స్థానాలే, 180, 277, 285. అమెరికా శాస్త్రవేత్తలు నైట్జ్ దంపతులు, జెరాల్డ్ జేకబ్స్ కలిసి 1991లో కోతుల ఆప్సిన్లనీ మనుషుల ఆప్సిన్లనీ పక్కపక్కన పెట్టి దీన్ని తేల్చారు. 285వ చోట అలనీన్ బదులు థ్రియోనిన్ ఉంటే చూపు ఎరుపు వైపు జరుగుతుంది, 277లో ఫినైల్ అలనీన్ బదులు టైరోసిన్ ఉంటే ఇంకొంచెం, 180లో అలనీన్ బదులు సెరీన్ ఉంటే మరికాస్త. మూడూ కలిస్తే ఆ 30 నానోమీటర్ల దూరం దాదాపు పూర్తవుతుంది. పండు మిరపకాయకీ ఆకుకీ మధ్య మనం చూసే తేడా అంతా ఈ మూడు మార్పుల మీద నిలబడి ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంత దగ్గరి పోలిక ఎందుకంటే, ఒకప్పుడు ఈ రెండిటి చోటా ఉన్నది ఒక్కటే జన్యువు. పక్షులకీ చాలా చేపలకీ నాలుగు రకాల శంకు ఆప్సిన్లు ఉన్నాయి. క్షీరదాల పూర్వీకులు డైనోసార్ల కాలమంతా రాత్రిపూట బతికారు, చీకట్లో రంగులతో పనిలేక రెండు రకాల్ని పోగొట్టుకున్నారు. కుక్క, ఆవు, జింక, వీటన్నిటికీ రెండే మిగిలాయి. (నల్లమలలో పులి నారింజ రంగులో అంత మెరిసిపోతూ ఉన్నా జింక కంటికి గడ్డిలో కలిసిపోయేది అందుకే.) కోతులూ మనుషులూ చేరే ప్రైమేట్ల వర్గానికీ మొదట రెండే. సుమారు 3 నుంచి 4 కోట్ల ఏళ్ళ క్రితం ఆఫ్రికా, ఆసియా కోతుల పూర్వీకుల్లో ఎక్స్ మీదున్న ఆప్సిన్ జన్యువు ఒకసారి నకలు పడి రెండయింది, ఒకటి ఎరుపు వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు స్థిరపడ్డాయి. మన ఊళ్ళమీద పడే కోతులు, కొండముచ్చులు, గొరిల్లాలు, చింపాంజీలు, మనం, అందరం ఆ ఒక్క నకలుకి వారసులం. మగైనా ఆడైనా మూడు రంగుల చూపే.

అమెరికా కోతులు అప్పటికే విడిపోయి అవతలి ఒడ్డుకి చేరుకున్నాయి. వాటికి ఆ నకలు అందలేదు. ఎక్స్ మీద ఒక్కటే జన్యువు, కానీ జాతి మొత్తం మీద చూస్తే ఆ జన్యువుకి రెండు మూడు రూపాలు తిరుగుతున్నాయి, ఒకటి కాస్త ఎరుపు వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఒకటి నడుమ. మగదానికి ఎక్స్ ఒక్కటే కాబట్టి ఏదో ఒక రూపమే దొరుకుతుంది. ఆడదానికి రెండు ఎక్స్‌లు. రెండిటి మీదా వేరువేరు రూపాలుంటే, నీలంతో కలిపి మూడు రకాలవుతాయి. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆడ క్షీరదాల్లో ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ నిద్రపోతుంది, ఏది నిద్రపోవాలన్నది పిండదశలోనే ఏ క్రమమూ లేకుండా తేలిపోతుంది, బ్రిటన్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో చెప్పిన మాట ఇది. అందువల్ల ఆ ఆడకోతి రెటీనాలో కొన్ని కణాలు తల్లి ఇచ్చిన ఆప్సిన్‌తో, కొన్ని తండ్రి ఇచ్చిన ఆప్సిన్‌తో కలగలిసి ఉంటాయి. మూడు రూపాలున్న జాతిలో లెక్క వేస్తే ఆరు రకాల చూపులు వస్తాయి, రెండు రంగులవి మూడు, మూడు రంగులవి మూడు. మూడు రూపాలూ సమానంగా ఉంటే ఆడవాటిలో మూడింట రెండు వంతులకి పూర్తి రంగులు కనిపిస్తాయి.

ఇదంతా చెప్పి అక్కతో అన్నాను, మనిద్దరి కళ్ళూ ఆ ఆడకోతి కళ్ళలాంటివే అని. నాన్నకి ఒక్కటే ఎక్స్, అందులో ఆకుపచ్చ జన్యువు లేదు, కూతుళ్ళకి ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకో ఎక్స్ లేదు, కాబట్టి మా ఇద్దరికీ అదే వచ్చి తీరాలి. నా రెటీనాలో నాన్న ఎక్స్ మేలుకుని ఉన్న ఏ కణమూ ఆకుపచ్చ శంకువు కాలేదు. అమ్మ ఎక్స్ మేలుకున్న కణాలు ఆ లోటు తీరుస్తున్నాయి, నాకే తేడా తెలియదు. మా అబ్బాయికి నా నుంచి అమ్మ ఎక్స్ వెళ్ళింది, అక్క కొడుక్కి నాన్న ఎక్స్ వెళ్ళింది. సగం సగం అవకాశం. అందులో అక్క చేసిందీ లేదు, నేను చేసిందీ లేదు.

మరి నాన్న ఎక్స్‌లో ఆ జన్యువు ఎందుకు లేదు? ఆ రెండు జన్యువులూ అంత ఒకేలా ఉండి, పక్కపక్కనే ఉండటమే కారణం. స్త్రీలో అండం తయారయ్యేటప్పుడు రెండు ఎక్స్‌లూ జతగా నిలబడి ముక్కలు మార్చుకుంటాయి. ఎత్తి రాసేటప్పుడు ఒకే మాటలున్న రెండు వరుసలు పైనా కిందా ఉంటే కన్ను ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకి జారి మధ్యది వదిలేసినట్టే, ఇక్కడ ఒక ఎక్స్‌లోని ఎరుపు జన్యువు రెండో ఎక్స్‌లోని ఆకుపచ్చ జన్యువుకి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. మార్పిడి అయ్యాక ఒక క్రోమోజోమ్‌కి ఒక జన్యువు తగ్గుతుంది, ఇంకోదానికి ఒకటి ఎక్కువవుతుంది. ఒక్కోసారి సగం ఎరుపు, సగం ఆకుపచ్చ అతుక్కున్న జన్యువు తయారవుతుంది, వాళ్ళకి రంగులు తెలుస్తాయి గానీ దగ్గరి ఛాయల్లో తడబడతారు. మామూలు చూపున్నవాళ్ళలో కూడా ఎంతోమందికి ఆకుపచ్చ జన్యువు ఒకటికి మించి ఉంటుంది, వరుసలో మొదటి రెండు జన్యువులే పనిచేస్తాయి కాబట్టి ఇబ్బంది రాదు. మా వంశంలో ఏ ముత్తవ్వ అండంలో ఆ జారుడు జరిగిందో ఎవరికి తెలుసు. ఏ నకలు వల్ల మనకి ఎరుపు దక్కిందో, ఆ నకలు పక్కనే ఉండటం వల్లే కొందరికి పోతోంది. యూరప్ సంతతి మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఎరుపు-ఆకుపచ్చ లోపం ఉంది, ఆడవాళ్ళలో అర శాతానికి అటూ ఇటూ.

ఆసియా కోతుల్లో మాత్రం ఇది చాలా అరుదు. జపాన్ పరిశోధకులు వేల కోతుల్ని చూస్తే, జావా ద్వీపంలో పంగందరన్ అనే చోట కొద్దిపాటి కోతుల్లో దొరికింది, 1999లో దాని గురించి రాశారు. అడవిలో చూపు మీద బతుకు ఆధారపడి ఉన్నంతకాలం ఆ జారుడు నిలదొక్కుకోలేకపోయిందని, మనుషుల్లో ఆ ఒత్తిడి సడలిందని కొందరు శాస్త్రవేత్తల ఊహ. నాకు అది సబబుగానే అనిపిస్తుంది.

అసలు ఎరుపు ఎందుకు కావలసి వచ్చిందన్నది ఇంకా తెగని వాదన. ఎక్కువమంది చెప్పేది పండ్ల కోసమని. ఇంకో వాదన లేత ఆకుల కోసమని. మన మామిడి చిగురు చూడండి, రాగి ఎరుపులో ఉంటుంది, ఉష్ణమండలపు చెట్లు చాలావాటికి అంతే. లేత ఆకు మెత్తగా ఉంటుంది, ప్రోటీన్ ఎక్కువ. ఉగాండాలోని కిబాలే అడవిలో డొమినీ, లూకాస్ చేసిన పరిశీలన 2001లో వచ్చింది. పండ్లని చాలావరకు పసుపు-నీలం తేడాతో కూడా పట్టుకోవచ్చు గానీ, ఎర్రటి లేత ఆకుని ముదురాకు నుంచి విడదీయడానికి ఎరుపు-ఆకుపచ్చ తేడా తప్ప ఇంకో దారి లేదని వాళ్ళన్నారు. నేను ఈ రెండో వాదన వైపే మొగ్గుతాను, దానికి కారణం హౌలర్ కోతి. అమెరికా కోతులన్నిటిలో ఆకుల మీద బాగా ఆధారపడేవి ఇవే. సరిగ్గా వీటిలోనే, మన పూర్వీకులతో ఏ సంబంధమూ లేకుండా, ఎక్స్ మీద ఆప్సిన్ జన్యువు విడిగా ఇంకోసారి నకలు పడింది, మగా ఆడా అన్నిటికీ మూడు రంగులు వచ్చేశాయి. జేకబ్స్ బృందం 1996లో దీన్ని బయటపెట్టింది. పైగా అక్కడ నకలు పడిన తీరే వేరు, జన్యువుని నడిపించే ముందరి స్విచ్చు భాగం కూడా రెండుసార్లు వచ్చింది. మనకి ఆ స్విచ్చు ఒక్కటే, ప్రతి శంకు కణంలోనూ అది ఎరుపునో ఆకుపచ్చనో ఏదో ఒకదాన్నే ఎంచుకుంటుంది.

మిరపకాయ సంగతి ఇందులో చేరదు, అది కోతులకి పిలుపు కాదు. ఆ ఎరుపు పక్షులకి. పక్షులకి కారం తగలదు, గింజలు నమలకుండా మింగి దూరంగా విసర్జిస్తాయి.

రాత్రి జీవుల కథ దీనికి తలకిందులు. మన శేషాచలం అడవుల్లో తిరిగే దేవాంగపిల్లి కూడా ప్రైమేటే, మన దూరపు చుట్టం. ఆ వంశంలో నీలం ఆప్సిన్ జన్యువు ఎప్పుడో చెడిపోయింది, ఒక్క రకం శంకు కణమే మిగిలింది. అమెరికాలో రాత్రిపూట తిరిగే ఆవుల్ మంకీకి కూడా విడిగా అదే జరిగింది. అక్కరలేని చోట జన్యువు చెడిపోయినా ప్రకృతి సరిచేయదు.

ఇప్పుడు అక్క కొడుక్కి చెప్పిన భాగం. వాడు నోరు తెరిచి "పిన్నీ, అయితే ఆ మగ కోతులన్నీ ఎలా బతుకుతున్నాయి?" అని అడిగాడు. కోస్టారికాలోని శాంతా రోసా అడవిలో అమాండా మెలిన్ బృందం ఏళ్ళ తరబడి, స్క్విరెల్ మంకీల్లాగే రెండు రకాల చూపులూ ఉన్న కాపుచిన్ కోతుల వెంట తిరిగింది. ఏ కోతికి ఏ ఆప్సిన్ ఉందో వాటి పెంటలోని డీఎన్ఏ చూసి తెలుసుకుని, తరవాత అవి తిండి వెతుక్కోవడం గమనించారు. మూడు రంగులు కనిపించే ఆడవి పండ్లు వేగంగా తిన్నాయి. కానీ ఆకు మీద ఆకులా, బెరడు మీద బెరడులా నక్కి కూర్చునే పురుగుల్ని పట్టడంలో రెండు రంగుల కోతులే ముందున్నాయి, నీడ ఎక్కువగా ఉన్న చోట మరీ. రంగు కళ్ళని మభ్యపెట్టలేనప్పుడు ఆకారం, అంచు, వెలుతురు తేడా బాగా పట్టుబడతాయి. అందుకే ఆ జాతుల్లో రెండు రకాల చూపులూ లక్షల ఏళ్ళుగా పోకుండా ఉన్నాయని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. వాడు ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, చిన్నప్పుడు చేలో గొల్లభామల్ని తనే ముందు కనిపెట్టేవాణ్ణని చెప్పాడు. అది ఈ కారణం వల్లనేనని నేను రూఢిగా చెప్పలేను గానీ వాడి ముఖం కాస్త తేటపడింది, నాకది చాలు.

వాడికి జాన్ డాల్టన్ గురించి కూడా చెప్పాను. పరమాణు సిద్ధాంతం చెప్పినాయన. కలర్ బ్లైండ్‌నెస్ మీద తొలిసారిగా శాస్త్రీయంగా రాసింది ఆయనే, 1794లో, తన కళ్ళ గురించే. జెరేనియం పువ్వు పగలు ఆకాశపు నీలంలా, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించడం, తమ్ముడికో అన్నకో కూడా అలాగే ఉండటం ఆయన్ని ఆలోచనలో పడేసింది. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండి ఎరుపుని మింగేస్తోందేమో అనుకుని, తాను పోయాక కళ్ళు కోసి చూడమన్నాడు. 1844లో చూశారు, ద్రవం స్వచ్ఛంగా ఉంది. ఆ కంటి ముక్కల్ని దాచి ఉంచారు కాబట్టి 1995లో డీఎన్ఏ తీసి చదివితే మా వాడికున్నదే, ఆకుపచ్చ ఆప్సిన్ జన్యువు లేదు. చనిపోయిన 150 ఏళ్ళకి జవాబు దొరికింది.

ఆయన పేరే ఒక స్క్విరెల్ మంకీకి పెట్టారు. డాల్టన్, శామ్ అని రెండు మగ కోతులు, అమెరికాలో నైట్జ్ దంపతుల దగ్గర. బూడిద రంగు చుక్కల మధ్య రంగు చుక్కల గుంపు ఎక్కడుందో స్క్రీన్ మీద తాకి చూపిస్తే ద్రాక్షరసం ఇచ్చేవారు. మనిషి ఎరుపు ఆప్సిన్ జన్యువుని హానిచేయని వైరస్‌లో పెట్టి వాటి రెటీనా వెనక ఎక్కించారు. సుమారు 20 వారాల తరవాత, పుట్టిన దగ్గర్నుంచీ తెలియని ఎరుపుని అవి ఆకుపచ్చ నుంచి విడదీసి చూపించడం మొదలుపెట్టాయి. 2009లో ఇది అచ్చయింది. ఎదిగిన మెదడు కొత్త రంగుని అందుకోగలిగిందన్నదే అందులో పెద్ద విషయం, అంతవరకు చిన్నతనం దాటితే కుదరదని చాలామంది నమ్మారు. మనుషుల్లో ఈ లోపానికి అది ఇంకా చికిత్సగా రాలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే రంగు కళ్ళద్దాలు కొన్ని ఛాయల మధ్య తేడా పెంచుతాయేమో గానీ లేని కణాన్ని తెచ్చిపెట్టలేవు, వాటి మీద వేలకి వేలు పోయకండి.

మా వాడికి కోచింగ్‌లో పోయిన కాలం మాత్రం తిరిగి రాదు. అది ఆపగలిగినది. అందుకే మా కాలేజీలో ఫస్టియర్ పిల్లలు చేరగానే ల్యాబ్‌లో కిటికీ పక్కన పగటి వెలుగులో ఇషిహారా పుస్తకం తెరుస్తున్నాను. ఫోన్‌లో వచ్చే బొమ్మలు పనికిరావు, ఒక్కో స్క్రీన్‌లో రంగు ఒక్కోలా ఉంటుంది. ఒక్కొక్కళ్ళని విడిగా పిలిచి చూపిస్తాను, అందరి ముందూ అడిగితే పిల్లలు పక్కవాడి జవాబే చెబుతారు. తేడా కనిపించినవాణ్ణి కంటి డాక్టర్ దగ్గరికి పంపుతాను, రైలు, విమానం, సైన్యంలో కొన్ని విభాగాలు ఎందుకు కుదరవో, మిగతావన్నీ ఎందుకు కుదురుతాయో కూర్చోబెట్టి చెబుతాను. కానీ డిగ్రీ దాకా ఆగడం కూడా ఆలస్యమే. పిల్లవాడి తల్లి వైపు తాతకో, మేనమామలకో రంగుల దగ్గర తడబాటు ఉందని తెలిస్తే ఇంట్లో మగపిల్లవాణ్ణి హైస్కూల్లో ఉండగానే ఒకసారి చూపించండి. పరీక్ష కొద్ది నిమిషాల పని.